కారు బుష్షులు – నేను నేర్చుకున్న పాఠం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విరమణ తరువాత తమ అనుభవాల్లో ఏదైనా ఒకటి చెప్పమని కార్యదర్శిగారు మా నలుగురినీ ఆదేశించారు. నాకు ముందు మాట్లాడిన మిత్రులు యోగాభ్యాసం గురించి, కాశీ ప్రయాణం గురించి చక్కగా సెలవిచ్చారు. నాకు ఆ రెంటిలోనూ ప్రవేశం తక్కువ. అందుచేత నా పాత మారుతి 800 కారు ముందు చక్రాల దగ్గర ఉండే రబ్బరు బుష్షులను ఇంటి దగ్గరే మార్చుకున్న సంగతి మనవి చేసుకుంటాను. నవ్వకండి. ఇందులో నేను ఒకసారి తప్పు చేసి, రెండవసారి దిద్దుకున్నాను. ఆ తప్పు గురించి చెప్పడానికే ఈ సమయం తీసుకుంటున్నాను.

నేను 1973లో ఖజానా శాఖలో గుమాస్తాగా చేరి 2009లో విరమణ పొందాను. 36 ఏళ్ళు ఇతరుల బిల్లులు చూడడమే నా పని. గ్రాట్యుటీ సొమ్ములో కొంత తీసి 2006 నాటి మారుతి ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. 2021లో 15 ఏళ్ళ రిజిస్ట్రేషను గడువు తీరితే మరో 5 ఏళ్ళకు పొడిగించుకున్నాను. ఆ కారుతో నాకున్న ముఖ్యమైన పని ఒక్కటే. మా ఊరు రాజమండ్రి. నా శ్రీమతి అక్కగారు, అంటే మా వదినగారు, గోదావరికి ఆవలి ఒడ్డున కొవ్వూరులో ఉండేవారు. పక్షవాతం వచ్చి మంచం పట్టారు. ప్రతి ఆదివారం ఈవిడను అక్కడికి తీసుకువెళ్ళి సాయంత్రం తీసుకురావాలి. ఈవిడకు నడుము నొప్పి. బస్సు మెట్లు ఎక్కలేదు, ఆటో కుదుపులు పడవు.

2022 వేసవిలో కారు ముందు భాగంలో ఎడమ వైపు ‘డబ్ డబ్’ మని చప్పుడు మొదలయింది. మొదట గుంతల్లోనే వినిపించేది. తరువాత 1974 నాటి మన రోడ్డు కం రైలు వంతెన మీద వెళుతుంటే ప్రతి అతుకు దగ్గరా వినిపించసాగింది. ఆ వంతెన మీద అతుకులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. నేను ఆఫీసులో చిక్కు ఫైలును అడుగున పెట్టినట్లే ఈ చప్పుడునూ రెండు నెలలు పక్కన పెట్టాను. ఒక ఆదివారం వంతెన దిగి కొవ్వూరు వైపు పల్లంలో వస్తుండగా సైకిలు మీద ఒక కుర్రవాడు అడ్డం వచ్చాడు. బ్రేకు వేశాను. కారు ఆగింది గాని, ఆగబోయే ముందు దానంతట అది ఎడమకు లాగేసింది. ఆ కుర్రవాడికీ మాకూ మధ్య మూరెడు దూరం కూడా మిగలలేదు. అతడు మమ్మల్ని నాలుగు మాటలని వెళ్ళిపోయాడు. అనవలసిందే. నా శ్రీమతి మాత్రం ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం “ఏమండీ, ఈ వారం నేను రానులెండి, నడుము బాగా లేదు” అన్నది. ఆ పై వారమూ అదే మాట. అది నడుము నొప్పి కాదని నాకు అర్థమయింది.

కారును ఒక వర్క్‌షాపులో చూపించాను. కారు పైకి లేపి కూడా చూడకుండా, ముందు సస్పెన్షను మొత్తం మార్చాలని 16,000 రూపాయలకు అంచనా రాసి ఇచ్చారు. నేను ఆ కాగితాన్ని బిల్లు చూసినట్లే చూశాను. ఏ భాగం ఎందుకు చెడిందో ఒక్క పద్దు ఎదురుగానూ కారణం లేదు. కారణం లేని బిల్లును నేను సర్వీసులో ఏనాడూ పాసు చేయలేదు. ఇంటికి తెచ్చేశాను.

మా వీధిలోనే రోడ్డు రవాణా సంస్థ డిపోలో మెకానిక్కుగా చేసి విరమించిన మిత్రులు ఒకరున్నారు. ఈ సభలో కూడా ఉన్నారు గాని పేరు చెప్పవద్దన్నారు. ఆయన నన్ను బండి పక్కన నిలబెట్టి, తాను స్టీరింగు దగ్గర కూర్చుని, నడక వేగంతో కారును కదిలించి బ్రేకు తొక్కారు. చూద్దును గదా, బ్రేకు పడగానే ఎడమ చక్రం కాస్త వెనక్కి జరిగి, వదలగానే మళ్ళీ ముందుకు వచ్చింది! “గుమాస్తాగారూ, చూశారా? మీ అంచనాలో రాసినవన్నీ కాదు, ఇదీ జబ్బు” అన్నారు.

సంగతి ఏమిటంటే, ఈ బండిలో ఒక్కొక్క ముందు చక్రాన్ని అడుగున లోయర్ ఆర్మ్ అనే ఇనుప చెయ్యి పట్టుకుని ఉంటుంది. దాని లోపలి కొస బండికి బోల్టుతో బిగించి ఉంటుంది. అక్కడ ఒక బుష్షు. ఇక స్టెబిలైజర్ బార్ అనే వంచిన ఇనుప కడ్డీ ఈ చక్రం నుండి ఆ చక్రం వరకు అడ్డంగా పోతుంది. దాని రెండు కొసలూ రెండు చేతుల్లో దూరి ఉంటాయి. అక్కడా బుష్షులే. నడుమ రెండు చోట్ల క్లాంపుల కింద మరో రెండు. కారు అటూ ఇటూ ఒరగకుండా చూడడమే కాక, బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి పోకుండా పట్టుకునేది కూడా ఈ కడ్డీయే. రబ్బరు అరిగిపోతే ఆ పట్టు సడలిపోతుంది. చప్పుడుకూ, ఎడమకు లాగడానికీ కారణం అదే. ఖరీదైన భాగాలన్నీ బాగానే ఉన్నాయి. పోయినది రబ్బరు మాత్రమే.

ఆయన రెండు వారాలు విశాఖలో అమ్మాయి ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. “నేను వచ్చాక చేద్దాం, తొందరపడకండి. చివరి బిగింపు నేను లేకుండా చేయవద్దు” అని చెప్పి వెళ్ళారు. నాకు ఆగాలనిపించలేదు. బుష్షులు కొన్నాను. ఇనుప స్టాండ్లు రెండు అరువు తెచ్చాను.

ఇక్కడ జాగ్రత్తలు కొంచెం వివరంగా చెబుతాను. ఈ వయసులో ఇలాంటి పనికి పూనుకునేవారు దయచేసి గుర్తుంచుకోండి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మలు పెట్టాలి. గట్టి, చదునైన నేల మీదే పని చేయాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. జాకీ మీద నిలబడిన బండి కింద తల పెట్టరాదు. ఇటుకలు పేర్చరాదు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఊడదీసిన చక్రాన్ని కూడా బండి అంచు కిందికి పడుకోబెట్టి ఉంచాలి. స్టాండు జారినా అది కాస్త ఆపుతుంది. అన్నిటికంటె ముఖ్యం, పక్కన ఇంకొక మనిషి ఉండాలి. నా శ్రీమతి వరండాలో కుర్చీ వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది. విష్ణు సహస్రనామం చదువుతూనే నా కాళ్ళు కదులుతున్నాయా లేదా అని చూస్తూ ఉన్నది.

ముందు రోజు సాయంత్రమే తుప్పు పట్టిన నట్లకు తుప్పు వదిలే నూనె వేసి ఉంచాను. ముందు భాగం రెండు వైపులా ఒకే ఎత్తుకు లేపాను. ఒక వైపే లేపితే ఆ కడ్డీ మెలిపడి ఊడి రాదు. ఏ వాషరు ఏ వైపు ఉన్నదో కాగితం మీద బొమ్మ వేసుకుని, నెంబర్లు వేసుకున్నాను. స్ప్లిట్ పిన్నులు తీసి, నట్లు విప్పి, క్లాంపులు ఊడదీసి, బాల్ జాయింటు బోల్టు తీసి, రెండు చేతులనూ కిందికి దించాను. లోపలి బుష్షు సుత్తితో కొడితే రాదు. కొడితే చెయ్యి వంగుతుంది. లేతు షాపుకు పట్టుకెళ్ళి ప్రెస్సు మీద పాతవి తీయించి కొత్తవి ఎక్కించాను. కడ్డీ బుష్షులు ఎక్కడానికి సబ్బునీళ్ళు రాశాను. ఇంజను నూనె, గ్రీజు రాయకూడదు. అవి ఈ రబ్బరును ఉబ్బించి పాడు చేస్తాయి. అన్నీ బిగించి, కొత్త స్ప్లిట్ పిన్నులు పెట్టి, బండి దించాను. వీల్ ఎలైన్‌మెంటు చేయించాను. బుష్షులకు 640, లేతు షాపుకు 200, ఎలైన్‌మెంటుకు 350, పిన్నులకూ నూనెకూ 160, వెరసి 1,350 రూపాయలు. చప్పుడు పోయింది. బండి తిన్నగా ఆగింది. ఆ ఆదివారం ఇద్దరం కొవ్వూరు వెళ్ళాము. నేను చాలా గర్వపడ్డాను.

అయిదు నెలలు తిరగకుండానే కిర్రుమని మూలుగు మొదలయింది. దాని వెనుకనే ‘డబ్ డబ్’ మళ్ళీ వచ్చింది. హైదరాబాదు నుండి మా అబ్బాయి ఫోనులో “నాన్నగారూ, ఇక ఆ బండి అమ్మేయండి, ఈ వయసులో మీరు దాని కిందికి దూరడమేమిటి” అన్నాడు. వాడి బాధ వాడిది. నా శ్రీమతి మళ్ళీ ఆదివారాలు మానుకున్నది. ఒక రాత్రి మాత్రం “అక్క నన్నడిగిందిట” అన్నది. అంతే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సిగ్గు విడిచి ఆ మిత్రుని దగ్గరకు వెళ్ళాను. ఆయన చేతులు రెండూ దించి చూశారు. కడ్డీ బుష్షులు కొత్తవిగానే ఉన్నాయి. లోపలి కొస బుష్షులు రెండూ చిరిగిపోయాయి. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఈ బోల్టు బిగించినప్పుడు చక్రాలు ఎక్కడున్నాయి?” గాలిలో వేలాడుతున్నాయని చెప్పాను. “అదే మీ తప్పు” అన్నారు.

ఆయన చెప్పినది ఇది. ఆ బుష్షులో లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక ఇనుప గొట్టం, మధ్యన రెంటికీ అతుక్కుని రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బండికి కదలకుండా పట్టుకుపోతుంది. అక్కడ ఏదీ తిరగదు. చెయ్యి పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రబ్బరే మెలిపడి, తిరిగి సరిపడుతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, ఆ వేలాడే స్థితినే రబ్బరు తన స్వస్థానమనుకుంటుంది. బండి దించగానే మెలిపడుతుంది. ఆ మెలికతోనే రాత్రింబగళ్ళు ఉంటుంది. గుంత వచ్చినప్పుడల్లా ఇంకా మెలిపడి కొద్ది నెలలకే చిరుగుతుంది. అందుచేత బోల్టు వదులుగా ఉంచి, బండిని తన చక్రాల మీద నిలబెట్టి, దాని బరువు అది మోస్తుండగా బిగించాలి.

మళ్ళీ రెండు బుష్షులు కొని, లేతు షాపులో ఎక్కించాము. ఈసారి ముందు చక్రాల కింద వెడల్పైన మందపాటి చెక్కలు పెట్టి బండిని వాటి మీదికి దించాము. బానెట్టు మీద చేతులు వేసి నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలాము. బండి తన ఎత్తుకు తాను కుదురుకున్నాక, ఆయన పక్కన కూర్చుని చెబుతుండగా, పక్క నుండి చెయ్యి పెట్టి పొడుగు పిడి పానాతో నేనే బిగించాను. మళ్ళీ ఎలైన్‌మెంటు చేయించాను. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మరొకసారి చూసుకున్నాను. ఇది 2023 మార్చి నాటి మాట. ఈ రోజు వరకూ చప్పుడు లేదు.

ఆ తరువాత ఏడాదికి పైగా ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. వంతెన మీద అతుకులు దాటుతుంటే ఈవిడ అక్కకు ఏమేమి చెప్పాలో మాట్లాడుతూ కూర్చునేది. వదినగారు 2024లో కాలం చేశారు. ఆఖరి ఆదివారం కూడా ఈవిడ చేత్తోనే పాలు తాగారు. ఆ భాగ్యం ఆ బుష్షుల వల్ల కలిగిందని నేననను. కాని నేను అభిమానానికి పోయి ఆ మిత్రుని గుమ్మం తొక్కకపోతే కలిగేది కాదని మాత్రం చెప్పగలను.

మనమంతా ఏదో ఒక పని క్షుణ్ణంగా తెలిసినవాళ్ళం. ఆ అలవాటున, తెలియని పనిలో కూడా ఒకరిని అడగడానికి మనసొప్పదు. నాకు బిల్లులో తప్పు పట్టడం తెలుసు. ఆ ఒక్క అంచనాలో తప్పు పట్టాను గనుక మిగతాది కూడా నాకే తెలుసుననుకున్నాను. రెండు వారాలు ఆగలేక అయిదు నెలల తరువాత పని మళ్ళీ చేసుకున్నాను.

మీలో ఎవరి బండికైనా ఇటువంటి చప్పుడు ఉంటే వాయిదా వేయకండి. ఇనుప స్టాండ్లు ఇప్పుడు నేను సొంతంగా కొనుక్కున్నాను. అడిగిన వారికి ఇస్తాను, వచ్చి పానాలు అందిస్తాను. చివరి బిగింపుకు మాత్రం మూడవ వరుసలో తల దించుకుని కూర్చున్న ఆ మిత్రుణ్ణి వెంటబెట్టుకు వస్తాను.