భయకథల రచయిత స్టీఫెన్ కింగు



దయ్యముల కథ యనగానే పెద్దలు పెదవి విరుతురు. పిల్లలు మాత్రము దగ్గరకు జరుగుదురు. ఈ రెండు విధముల ఆదరణమును నిండుగా చవిచూచిన అమెరికా రచయిత స్టీఫెన్ కింగు. ఆయన వ్రాసిన నవలలు 60కి మించినవి. వానిలోని భయము శ్మశానమునుండి వచ్చినది కాదు. చాలవరకు ఆయన యింటినుండియే వచ్చినది.

కింగు 1947వ సంవత్సరమున మెయిన్ రాష్ట్రమునందలి పోర్ట్‌లాండు పట్టణమున జన్మించెను. ఆయనకు 2 ఏండ్ల ప్రాయమున తండ్రి ఇల్లు విడిచి వెళ్లి మరల రాలేదు. తల్లి రూత్ చిన్న చిన్న కొలువులు చేయుచు ఇద్దరు కుమారులను పెంచెను. బాలుడు బొమ్మల పుస్తకములోని కథను చూచి వ్రాసి తెచ్చి చూపగా, ఇతరుల కథ యెందుకు, నీ కథ నీవే వ్రాయుమని ఆమె చెప్పెను. అట్లు వ్రాసిన 4 కుందేటి కథలకు కథకొక పావు డాలరు చొప్పున బహుమానమిచ్చెను. పూట గడచుటయే కష్టమైన ఆ యింట ఒక డాలరు సామాన్యమైన సొమ్ము కాదు. తండ్రి వదలిపోయిన పుస్తకముల పెట్టె యొకటి బంధువుల యింటి అటుకమీద దొరకెను. అందు లవ్‌క్రాఫ్టు అను పూర్వ రచయిత భయకథల సంపుటముండెను. తండ్రినుండి ఆయనకు సంక్రమించిన ఆస్తి అదియే అనవచ్చును.

విశ్వవిద్యాలయ గ్రంథాలయమున పని చేయుచుండగా టాబిథా స్ప్రూసుతో పరిచయమై, 1971లో వివాహమాయెను. అటుపిమ్మట దారిద్ర్యము. కింగు లాండ్రీలో కూలిపని చేసెను. పిదప హాంప్డెన్ పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడాయెను. ఖర్చు తగ్గించుటకై ఇంటి టెలిఫోనును తీసివేసిరి. ఆ దినములలో "కేరీ" యను నవలకు కొన్ని పుటలు వ్రాసి, నచ్చక చెత్తబుట్టలో వేసెను. టాబిథా వానిని తీసి, బూడిద దులిపి చదివి, దీనిని విడువవద్దనెను. 1973లో డబుల్‌డే సంస్థ 2,500 డాలర్లకు ఆ నవలను స్వీకరించి, టెలిఫోను లేనందున తంతి పంపెను. కొలది నెలలకే కాగితపు అట్ట పుస్తకపు హక్కులు 4 లక్షల డాలర్లకు అమ్ముడయ్యెను. అందు సగము ఆయనది. తల్లి కాన్సరుతో మంచము పట్టెను. 1974లో పుస్తకము వెలువడులోపలనే ఆమె కన్నుమూసెను. నవలను బంధువొకరు ఆమెకు చదివి వినిపించిరను తృప్తి మాత్రము మిగిలెను.

1977 నాటి "ది షైనింగ్" నవలలో త్రాగుడుకు లోబడిన తండ్రి తన బిడ్డనే చంపవచ్చును. అది తన కథయే యని వ్రాయునపుడు తెలియలేదని కింగు తరువాత ఒప్పుకొనెను. 1980ల చివర కుటుంబము నిలదీయగా త్రాగుడును మానెను. "పెట్ సెమెటరీ" పుట్టుక మరియు దారుణము. లారీలు తిరుగు రోడ్డు ప్రక్కన కాపురముండగా కుమార్తె పిల్లి వాహనము క్రింద పడి చచ్చెను. చిన్న కుమారుడు అదే రోడ్డుమీదికి పరుగెత్తి వెంట్రుకవాసిలో తప్పెను. తప్పకున్న నేమగును? ఈ ప్రశ్నయే ఆ నవల. వ్రాసినవానికే భయము గొలిపి చాలకాలము పెట్టెలోనుండి, 1983లో వెలువడెను.

2003లో నేషనల్ బుక్ ఫౌండేషన్ వారు ఆయనకు పతకమీయగా, విమర్శకుడు హెరాల్డ్ బ్లూమ్ తీవ్రముగా నిరసించెను. ఆ మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు. కింగు నవలలు కొన్ని అనవసరముగా దీర్ఘములు. అయినను బిడ్డకై తల్లిదండ్రులు పడు భయమును అంత సూటిగా చెప్పినవారు అరుదు.

గ్రంథాలయ సభ్యులు తప్పక చదువదగిన ఆయన కథ యొకటి కలదు. 1990లో వచ్చిన "ది లైబ్రరీ పోలీస్‌మాన్"లో గడువులోగా పుస్తకములు తిరిగి యీయని వానిని వెదకుచు ఒక భయంకరుడు వచ్చును. అట్టి కథ వ్రాసినవాడే, భార్యతో కూడి, తమ బాంగోరు పట్టణ గ్రంథాలయపు పునరుద్ధరణకు 25 లక్షల డాలర్లు విరాళమిచ్చెను.