ఇల్లూ వంశమూ ఉన్న రాక్షసుడు



స్మారకోపన్యాసంలో మహనీయుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. సాతాను గురించి మాట్లాడతానంటే ఈ సభవారు ఒప్పుకున్నారు. ఏటా కొత్త మట్టితో అసురుణ్ణి నిలబెట్టే ఊళ్లో ఉంటున్నవాళ్లు కాబట్టే ఒప్పుకున్నారనుకుంటాను.

ఒక ఉత్తరంతో మొదలుపెడతాను. 1849లో మద్రాసులో పాఠాలు చెప్పుకుంటున్న ఒక బెంగాలీ యువకుడు కలకత్తాలోని మిత్రుడు గౌరదాస్ బసాక్‌కి తన దినచర్య రాసి పంపాడు. పొద్దున్నే హీబ్రూ, తర్వాత బడి, మధ్యాహ్నం గ్రీకు, రెండు నుంచి అయిదు దాకా తెలుగూ సంస్కృతమూ, ఆపైన లాటిను, రాత్రికి ఇంగ్లీషు. ఆ యువకుడు మైకేల్ మధుసూదన దత్తు. రోజూ మూడు గంటల్లో మన భాషకి వాటా ఇచ్చిన మనిషిని కలకత్తా తెలుగువాళ్లం ఇంకాస్త తలుచుకోవాలి. అది మరో ఉపన్యాసం.

పన్నెండేళ్లు తిరిగేసరికి, 1861లో, ఆయన మేఘనాదవధ కావ్యం వెలువడింది. తొమ్మిది సర్గలు. వాల్మీకి రామాయణంలో మేఘనాదుడు, అంటే ఇంద్రజిత్తు, నికుంభిల హోమం చెడిపోయాక బయటికొచ్చి, రథమెక్కి, లక్ష్మణుడితో ఎదురెదురుగా పోరాడి చనిపోతాడు. మధుసూదనుడి ఆరో సర్గలో ఆ యుద్ధమే లేదు. దేవతల అండతో లక్ష్మణుడు కనబడకుండా పూజామందిరంలోకి వస్తాడు. మేఘనాదుడి చేతిలో ఆయుధం లేదు. తెచ్చుకోనిమ్మంటే లక్ష్మణుడు ఒప్పుకోడు. చేతికందిన పూజాపాత్రలే విసురుతాడు మేఘనాదుడు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డది ఎవరో కాదు, సొంత పినతండ్రి విభీషణుడు. చంపినవాడు దేవతల పక్షం, చచ్చినవాడు రాక్షసుడు. చదివేవాడి మనసు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. తన మనసు రాక్షసుల వైపే ఉందని జనం సణుగుతున్నారనీ, ఆ మాట నిజమేననీ కవి ఉత్తరాల్లో దాచకుండా రాసుకున్నాడు.

ఇదంతా మిల్టన్ ప్రభావమని విమర్శకులంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. 1667 నాటి మిల్టన్ కావ్యంలోని సాతాను తిరుగుబాటుదారు, మహావక్త, ఓడినా తల వంచనివాడు. అయితే అతను ఒంటరి. పాపం, మృత్యువు అనే రెండు భావాలకి రూపమిచ్చి కూతురనీ కొడుకనీ చూపించాడు కవి, అంతే. మేఘనాదుడికి భార్య ప్రమీల ఉంది. తల్లి మందోదరి ఉంది. కొడుకు చితి దగ్గర కుప్పకూలే తండ్రి ఉన్నాడు. ఆ కుటుంబం ఇంగ్లీషు నుంచి రాలేదు. రాక్షసుడికి కుటుంబం ఉండటం మన పురాణాల్లో మొదటినుంచీ ఉన్నదే.

సాతాను కూడా పుట్టుకతో ఒంటరి కాదు. బైబిల్లోని యోబు గ్రంథంలో అతను దేవుడి కొలువులో నింద మోపేవాడు. దేవదూతలతో కలిసి సభకొస్తాడు. అనుమతి లేనిదే యోబు ఒంటిమీద చెయ్యి వెయ్యలేడు. ఆదికాండంలోని పాముని సాతాను అని ఆ గ్రంథం ఎక్కడా అనదు. అది తర్వాతివాళ్లు చదువుకున్న తీరు. బాబిలోను చెర తర్వాత యూదులు పారసీకుల ఏలుబడిలోకి వచ్చారు. మంచికొకటి, చెడుకొకటి, రెండు ఆత్మలు తలపడే జరతుష్ట్ర మతం అక్కడ తగిలింది. ఈ సాంగత్యమే కొలువులోని ఆ నిందమోపేవాణ్ణి బయటి శత్రువుగా మార్చిందని చాలామంది పండితులంటారు, కాలనిర్ణయం మీద మాత్రం తగువులున్నాయి. నాకు మాత్రం ఇరుగుపొరుగు ప్రభావం కన్నా లోపలి అవసరమే పెద్దదనిపిస్తుంది. దేవుడు ఒక్కడే, పూర్తిగా మంచివాడు అన్నాక పసిబిడ్డ చావు ఎవరి లెక్కలో రాయాలి?

మనవాళ్లకి ఆ ఇబ్బంది లేదు. ఒకే కశ్యపుడికి అదితి పిల్లలు దేవతలు, దితి పిల్లలు దైత్యులు. ఆస్తి తగాదా పడే అన్నదమ్ముల సంగతి అది. హిరణ్యకశిపుడు పూర్వం వైకుంఠ ద్వారపాలకుడు. కొడుకు పరమభక్తుడు, మునిమనవడు బలి. ఆ బలి దగ్గరికి చెయ్యి చాచుకుని వచ్చింది విష్ణువే. ఇక నరకం. పడమటి దేశాల జనం ఊహలో నరకానికి రాజు సాతానే, నేరగాడికే జైలరు ఉద్యోగం ఇచ్చినట్టు. మనకి నరకాధిపతి యమధర్మరాజు. 1933లో ఈ కలకత్తాలోనే ఈస్టిండియా ఫిలిం కంపెనీ సి. పుల్లయ్య దర్శకత్వంలో తెలుగు 'సావిత్రి' తీసింది. అందులో వేమూరి గగ్గయ్య యముడు. ఆ గొంతుకి హాలు దద్దరిల్లేదని మా పెద్దవాళ్లు చెప్పేవారు. అంత భయంకరుడూ ఒక ఆడపిల్ల మాటనేర్పుకి ఓడి వరాలిచ్చి వెళ్లిపోతాడు. మేఘనాదవధ వచ్చిన నూరేళ్లకి, 1961లో, 'సీతారామ కల్యాణం'లో రామారావు రావణుడయ్యాడు. కృష్ణుడిగా ఆయనకి హారతిచ్చిన జనమే ఆ రావణుణ్ణీ నెత్తిన పెట్టుకున్నారు.

ఇక మన ఊళ్లో ఏటా నిలబెట్టే ఆ అసురుడు. కాళికాపురాణంలో మహిషాసురుడు దేవిని యజ్ఞంలో భాగం అడుగుతాడు. నన్ను పూజించిన చోటల్లా నా పాదాల దగ్గర నీకూ పూజ ఉంటుందని ఆమె వరమిస్తుంది. కుమార్‌తులి విగ్రహాల కుమ్మరులు అతన్ని దేవి పాదాల నుంచి విడదీయకపోవడానికి శాస్త్రం ఇదే.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే మన సంస్కృతి చాలా ఉదారమైనదన్న సంతోషంతో ఇళ్లకి వెళ్లొచ్చు. ఆ సంతోషం నాకు లేదు. 2022 అక్టోబరులో కలకత్తా కస్బా ప్రాంతంలోని ఒక దుర్గాపూజ మండపంలో మహిషాసురుడికి గుండూ గుండ్రటి కళ్లద్దాలూ పెట్టి గాంధీ పోలిక తెచ్చారు. గొడవయ్యాక పోలీసులు చెబితే రూపం మార్చారు. పురాణంలోని అసురుడికి తల్లీ తండ్రీ వరమూ ఉన్నాయి. ఈ మండపంలోని అసురుడికి ఒక ముఖం మాత్రమే ఉంది, అదీ పొడిపించడానికి పెట్టింది. సాతాను మన దగ్గర లేడన్న గొప్ప ఇక్కడికి చెల్లిపోయింది.

జార్ఖండ్‌లోని గుమ్లా, లాతేహార్ వైపూ ఉత్తర బెంగాల్ తేయాకు తోటల్లోనూ అసుర్ అనే తెగ ఉంది. రాళ్లు కరిగించి ఇనుము తీసిన పనివాళ్లు. మహిషాసురుడు తమ పూర్వీకుడని వాళ్లలో చాలామంది నమ్మకం. నవరాత్రులు వాళ్ల ఇళ్లలో సంతాప దినాలు. మనం ఇన్ని కావ్యాలు తిరగేసి రాక్షసుడికి ఇల్లు వెతికాం. వాళ్లకి ఆ వెతుకులాట అక్కర్లేదు, ఆ ఇల్లు వాళ్లదే. వచ్చే ఏడు ఈ వేదిక మీద నాలాంటి పుస్తకాలవాడికి బదులు వాళ్లలో ఒకరిని పిలవమని నిర్వాహకులకు నా మనవి. దారిఖర్చులకి ఈ ఉపన్యాసపు పారితోషికం వాడుకోండి.