చేతిలో ఫోను, వాకిట్లో పరాయివాడు
(వై.ఎన్.హొసకోటలో యవ్వనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మీడియా మన మనసును, మన నడవడిని ఏం చేస్తోంది అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఈ మాట రాగానే మా వయసువాళ్ళం యువతను తిట్టడం మొదలుపెడతాం. ఎప్పుడు చూసినా రీల్సే, బైబిలు తెరవరు అంటాం. ఈరోజు ఆ పని చేయం. పొద్దున లేచి మోకాళ్ళ మీదికి రాకముందే వాట్సాప్ చూసేవాళ్ళలో మేమూ ఉన్నాం. కాబట్టి మీ గురించి కాదు, మనందరి గురించి మాట్లాడుకుందాం.

మన పావగడ తాలూకా చుట్టూ చాలా మేరకు ఆంధ్రా నేలే. బడిలో కన్నడ చదువుతాం, తాలూకాఫీసులో కన్నడలో అర్జీ పెడతాం, ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడుకుంటాం, తెలుగులో ప్రార్థిస్తాం. ఇది దేవుడిచ్చిన భాగ్యమే. కానీ దీనివల్ల మన ఫోన్లకు రెండు రాష్ట్రాల మంచి కబుర్లూ వస్తాయి, రెండు రాష్ట్రాల పుకార్లూ వస్తాయి. గట్టు దగ్గర బస్సును ఆపి చూసే చెక్‌పోస్టు ఉంటుంది గానీ, అబద్ధాన్ని ఆపి చూసే చెక్‌పోస్టు లేదు.

2018 వేసవి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని తెలుగులో, కన్నడలో, తమిళంలో, హిందీలో ఒకటే మెసేజ్ తిరిగింది. దాంతోపాటు ఒక వీడియో. బైకు మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. చూసిన ప్రతి తల్లికీ గుండె ఆగినంత పనైంది. అసలు ఆ వీడియో పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి అవగాహన కోసం తీసింది. చివర్లో బైకు వాళ్ళు పిల్లవాణ్ణి తిరిగి దింపేసి, జాగ్రత్త చెప్పే అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. కొన్ని సెకన్లు కత్తిరిస్తే ప్రేమతో చేసిన పని హత్యకు ఆయుధమైపోయింది.

ఆ మే 23న బెంగళూరు చామరాజపేటలో పని కోసం రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి కట్టి, ఈడ్చి, కొట్టి చంపారు. మూడు రోజులకే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటన చేసుకుని బతికే సంచార జాతివారు ఐదుగురిని చంపారు. జూలై 13న మన రాష్ట్రంలోనే బీదర్ జిల్లాకు హైదరాబాద్ నుంచి కొందరు మిత్రులు కారులో వచ్చారు. వాళ్ళలో ఒకరు బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే, అనుమానం. వాళ్ళు కారులో తప్పించుకునేలోపు వీడియో ముందూరికి, ముర్కి గ్రామం గ్రూపుకి చేరిపోయింది. దారికి అడ్డం పెట్టి కాచుకున్నారు. కారు బోల్తా పడింది. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణం పోయింది. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. గ్రూపు అడ్మిన్‌తో సహా ముప్పై మందికి పైగా అరెస్టయ్యారు.

ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుదాం. చనిపోయినవాళ్ళు ఎవరు? వలస కూలీ, హిజ్రా, సంచార జాతివారు, ఊరికి కొత్తగా వచ్చిన ముస్లిం యువకుడు. ఆ ఊరి పెద్ద ఇంటి కొడుకు ఒక్కడూ లేడు. పుకారు గుడ్డిది అంటాం గానీ, అది గుడ్డిది కాదు. తమవాళ్ళంటూ ఎవరూ లేనివాణ్ణి వెతుక్కుని మరీ పట్టుకుంటుంది. మన మనసులో ముందే ఉన్న కులం, మతం, అసహ్యం అనే ఎండుకట్టెలకు ఫోను నిప్పురవ్వ మాత్రమే. కాబట్టి ఇది మానసిక శాస్త్రం సంగతే కాదు, సామాజిక న్యాయం సంగతి కూడా.

మరి మనసులో ఏం జరుగుతుంది? 2018 మార్చిలో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 వరకు తిరిగిన దాదాపు 1,26,000 కథనాలను పరిశీలించారు. నిజం కంటే అబద్ధాన్ని ఇతరులకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. యంత్రాల వల్లనా అంటే కాదు, మనుషుల వల్లనే. అబద్ధం చదివినవాళ్ళ స్పందనల్లో ఆశ్చర్యం, భయం, అసహ్యం ఎక్కువ కనిపించాయి. భయపడ్డ మనసు ఆలోచించదు, పరుగెత్తుతుంది. ఫార్వర్డ్ నొక్కడం కూడా ఒక పరుగే.

2012 జనవరిలో ఫేస్‌బుక్ 6,89,003 మంది మీద, వాళ్ళకు చెప్పకుండానే, ఒక వారం ప్రయోగం చేసింది. కొందరికి సంతోషపు మాటలు తగ్గించి చూపించారు, కొందరికి బాధ మాటలు తగ్గించారు. సంతోషం తక్కువ చూసినవాళ్ళు తామూ కాస్త దిగులుగా రాశారు. తేడా చాలా చిన్నదే. కానీ మన దిగులు మీట ఇంకొకరి చేతిలో ఉండగలదని 2014లో ఆ ఫలితాలు బయటపడినప్పుడు లోకానికి తెలిసింది.

అంతకు ముందే, టీవీ కాలంలో, జార్జ్ గెర్బ్నర్ అనే ఆచార్యుడు ఒక మాట చెప్పాడు. హింస నిండిన టీవీ ఎక్కువ చూసేవాళ్ళకు లోకం ఉన్నదానికంటే చెడ్డదిగా కనిపిస్తుంది. పొరుగువాడి మీద నమ్మకం తగ్గుతుంది. అంటే నేరం మన వీధిలో జరగకపోయినా దాని భయం మన ఇంట్లో కాపురం పెడుతుంది.

ఇది వేరేవాళ్ళ తప్పు అనుకోకండి. మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాం. కొన్నేళ్ళ క్రితం మా ప్రార్థన గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఫలానా చోట విశ్వాసులను కొట్టారు, వెంటనే ప్రార్థించండి, పదిమందికి పంపండి అని. మేము చూసుకోకుండా పంపించాం. తర్వాత తెలిసింది, ఫోటో పాతది, అసలు మన దేశానిదే కాదు. క్షమించమని గ్రూపులో రాశాం, అయిపోయిందనుకున్నాం. వారం తర్వాత సంఘంలోని ఒక పెద్దామె ఇంటికి వెళ్తే, ఆమె రాత్రిళ్ళు నిద్ర పోవడం లేదు. ఇరవై ఏళ్ళుగా చెంబుడు మజ్జిగ ఇచ్చిపుచ్చుకునే పక్కింటివాళ్ళతో మాట మానేసింది. "వాళ్ళ మనసులో ఏముందో మనకేం తెలుసు అయ్యగారూ" అంది. మేము సిగ్గుతో తల వంచుకున్నాం. ఆ మాట ఆమెకు నేర్పింది మేమే. మెసేజ్ వెనక్కి తీసుకోవచ్చు గానీ, మనసులో దిగిన భయాన్ని వెనక్కి తీసుకోలేం. మళ్ళీ ఆ రెండిళ్ళ మధ్య మజ్జిగ చెంబు తిరగడానికి చాలా నెలలు పట్టింది.

క్రైస్తవుల మీద నిజంగా దాడులు జరుగుతాయి. దళితుల మీద జరుగుతాయి. వాటి గురించి మాట్లాడాలి, ఫిర్యాదు చేయాలి, న్యాయం అడగాలి. అందుకే మనం అబద్ధం పంపకూడదు. మనం ఒక్క తప్పుడు ఫోటో పంపితే, రేపు నిజమైన గాయాన్ని చూపించినా నమ్మరు. అబద్ధం మొదట మోసం చేసేది బాధితుణ్ణే.

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు పట్టణపు గుంపును చూడండి. రెండు గంటలపాటు ఒకటే అరుపు. అక్కడున్నవాళ్ళలో చాలామందికి తాము ఎందుకు వచ్చారో కూడా తెలియదని లూకా రాశాడు. ముర్కిలో రాళ్ళు పట్టుకున్న గుంపు కూడా అంతే. 17వ అధ్యాయంలో బెరయవాళ్ళను చూడండి. సాక్షాత్తు పౌలు చెప్పినా, విన్నది నిజమా కాదా అని వాళ్ళు ప్రతిదినం లేఖనాలు పరిశీలించారు. పౌలు మాటనే పరిశీలించినవాళ్ళను బైబిలు మెచ్చుకుంటే, పేరు లేని మెసేజ్‌ను పరిశీలించడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

ఇది సాధ్యమే అని చెప్పడానికి మన తెలుగు నేలలోనే ఒక సాక్ష్యం ఉంది. అదే 2018లో తెలంగాణ జోగులాంబ గద్వాల జిల్లాలో రెమా రాజేశ్వరి గారు ఎస్పీగా ఉన్నారు. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులు వేసుకుని లోపల పడుకుంటున్నారని పోలీసులు గమనించారు. కారణం వాట్సాప్ భయం. ఆమె ఊరూరికీ పోలీసులను పంపారు, డప్పు కొట్టించారు, పాటలు కట్టించారు, నమ్మే ముందు మమ్మల్ని అడగండి అని చెప్పించారు. వాట్సాప్ పుకారును డప్పు ఎదుర్కొంది. డప్పు ఎవరి చేతిలో పుట్టిన వాయిద్యమో మీకు చెప్పనక్కర్లేదు. ఊరు అంటరానిదన్న చప్పుడే ఊరిని కాపాడింది.

కంపెనీ కూడా కొంత చేసింది. 2018 జూలైలో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. జూలై 17న సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకు ప్రభుత్వాలకు ఆదేశాలిచ్చింది. ఇవి కావాలి. కానీ ఐదు చాట్లు చాలు ఒక మనిషిని చంపడానికి. చివరి కట్టడి మన బొటనవేలి దగ్గరే ఉంది.

అందుకే మూడు పనులు చేద్దాం. ఒకటి, కోపం గానీ భయం గానీ తెప్పించిన మెసేజ్‌ను ఒక రాత్రి ఆపుదాం. తెల్లారి కూడా అది నిజమేనని తేలితే అప్పుడు చూద్దాం. రెండు, పొరపాటున పంపితే, పంపిన ప్రతి చోటా తప్పని రాద్దాం. సిగ్గుపడితే పడదాం, ఒకరి ప్రాణం కంటే మన పరువు ఎక్కువ కాదు. మూడు, ఇది అన్నిటికంటే ముఖ్యం. మన ఊరికి వచ్చే బొమ్మలమ్మేవాణ్ణి, దుప్పట్లమ్మేవాణ్ణి, అడుక్కునే తల్లిని పేరడుగుదాం, ఒక గ్లాసు నీళ్ళిద్దాం. పేరు తెలిసిన మనిషి మీద రాయి లేవడం కష్టం.

మంచి సమరయుని ఉపమానంలో దారిన పడినవాడి పేరు, కులం ఎవరూ అడగలేదు. అతన్ని ఫోటో తీసి పంపే ఫోను ఆ కాలంలో లేదు. మన కాలంలో ఉంది. దారిలో పడినవాణ్ణి చూసినప్పుడు మన చెయ్యి ముందు ఫోనుకు పోతుందా, అతని గాయానికి పోతుందా అన్నదే ప్రభువు మనల్ని అడిగే ప్రశ్న.

ఆ చెయ్యిని ఆయన నడిపించును గాక. ఆమేన్.