ట్రాక్టర్ బ్యాటరీ చెడిందా? చార్జింగ్ అందడం లేదా?



తొలకరి వాన పడింది. పదును ఆరకముందే దుక్కి దున్నాలని తెల్లవారుజామునే ట్రాక్టర్ దగ్గరికి వెళ్లారు. తాళం తిప్పితే 'టక్' మని చప్పుడు తప్ప ఇంజన్ కదల్లేదు. నలుగురూ కలిసి తోస్తే స్టార్టయింది. మధ్యాహ్నం ఆపి మళ్లీ తిప్పితే అదే కథ. చూసినవాళ్లంతా "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించు" అంటారు. వేల రూపాయలు పెట్టి వేయిస్తారు. పది రోజులకు అదీ మొరాయిస్తుంది. ఎందుకని?

బ్యాటరీని ఇంటి మీది నీళ్ల ట్యాంకుతో పోల్చి చూడండి. ట్యాంకు ఖాళీ అయిందంటే ట్యాంకుకే చిల్లు పడి ఉండవచ్చు. మోటారు నీళ్లు ఎక్కించకపోయి ఉండవచ్చు. లేదా ఎక్కడో కుళాయి కారుతూ ఉండవచ్చు. ట్రాక్టర్‌లో మోటారు పని చేసేది ఆల్టర్నేటర్. మన ఊళ్లలో దీన్నే అలవాటుగా డైనమో అంటాం. లోపం ఈ మూడింటిలో ఎక్కడుందో తేల్చుకోకుండా ట్యాంకును మారిస్తే డబ్బు దండగ.

బ్యాటరీలో ఏం జరుగుతుంది?

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించిన సీసం బ్యాటరీయే నేటికీ మన ట్రాక్టర్లలో ఉన్నది. ఇందులో ఆరు గదులుంటాయి. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లం ఖర్చయి, పలకల మీద సీసపు సల్ఫేట్ ఏర్పడుతుంది. చార్జి చేస్తే అది తిరిగి కరుగుతుంది. పంట పనులు లేని నెలల్లో చార్జి లేకుండా వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత చార్జి చేసినా బ్యాటరీ పూర్తిగా కోలుకోదు.

ముందు జాగ్రత్త

చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరినా నిప్పురవ్వకు పేలగలదు. కాబట్టి దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. నీటిమట్టం చూడటానికి కూడా అగ్గిపుల్ల వెలిగించకండి. వైర్లు విప్పేటప్పుడు ముందు నెగటివ్ వైరు, బిగించేటప్పుడు చివర నెగటివ్ వైరు. ఆమ్లం కంట్లో పడితే వెంటనే చాలాసేపు మంచినీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మొదటి పరీక్ష: కంటితో

టెర్మినళ్ల మీద తెల్లని, పచ్చని పొడి పేరుకుందా? క్లాంపులు వదులుగా ఉన్నాయా? ముందు వాటిని శుభ్రం చేసి బిగించండి. చాలాసార్లు జబ్బు ఇక్కడే తేలిపోతుంది. ఆమ్లం మట్టం పలకల కంటే కిందికి దిగితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. కుళాయి నీళ్లు, కొత్త ఆమ్లం పోయకూడదు. డైనమో బెల్టు వదులైందేమో కూడా చూడండి.

రెండో పరీక్ష: ఇంజన్ ఆపి

మల్టీమీటరును డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టి, రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీని కొలవండి. 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 లోపు అయితే బాగా తగ్గినట్టే. తక్కువ చూపినంత మాత్రాన బ్యాటరీ చెడిందనకండి. బయట పూర్తిగా చార్జి చేయించాక చూడండి. నిండా చార్జి అయిన బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే అది బలహీనపడిందని అర్థం. వోల్టేజి పడిపోకుండానే ఇంజన్ తిరగకపోతే తప్పు సెల్ఫ్ మోటారుదో, దాని వైర్లదో.

మూడో పరీక్ష: ఇంజన్ నడుస్తుండగా

ఇంజన్ కొంచెం వేగంగా నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర మళ్లీ కొలవండి. 13.8 నుంచి 14.4 దాకా ఉంటే చార్జింగ్ బాగున్నట్టు. 12 దగ్గరే నిలిచిపోతే బెల్టు, వైర్లు, ఫ్యూజు చూసుకుని డైనమోను మెకానిక్‌కు చూపించండి. 15 దాటితే రెగ్యులేటర్ లోపం. బ్యాటరీలో నీళ్లు పదేపదే తగ్గిపోవడానికి అదొక కారణం. డైనమో పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజన్‌లో బ్యాటరీ వైరు లాగి చూసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి మానండి. వోల్టేజి ఒక్కసారిగా ఎగసి ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు కాలిపోవచ్చు.

రెండు పరీక్షలూ బాగుండి, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంటే కుళాయి కారుతున్నట్టే. ఆర్పడం మరచిన లైటో, తర్వాత బిగించుకున్న పాటల పెట్టో రాత్రంతా కరెంటు లాగుతూ ఉంటుంది. ఒక్కొక్కటీ తీసి చూస్తే దొంగ దొరుకుతాడు.

మీరే చేసి చూడండి

మీ బ్యాటరీని ఇంజన్ ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి కొలిచి, రెండు అంకెలూ తేదీతో గోడ మీద రాసుకోండి. మల్టీమీటరు ఖరీదు కొత్త బ్యాటరీ ధరలో చిన్న భాగమే. వచ్చే తొలకరికి నెల ముందు మళ్లీ కొలిచి, ఆ అంకెలతో పోల్చండి. తేడా ఉంటే సరిచేసుకోవడానికి అప్పుడు వ్యవధి ఉంటుంది. పదును ఆరిపోతున్న రోజున ఉండదు.