పాతబస్తీలో కిరాయి ఇల్లు: కట్టడం ఒక ఎత్తు, చౌకగా నిలపడం ఇంకో ఎత్తు

ఈ రోజు ఇళ్ల గురించి మాట్లాడుకుందాం. లోన్ ఎలా తీసుకోవాలి, ప్లాట్ ఎక్కడ కొనాలి అన్నది కాదు. చిన్న సంపాదన ఉన్నవాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత కూడా తమ బస్తీలోనే ఉండగలగాలంటే ఏం చెయ్యాలి? ఇదీ మన ప్రశ్న.

పాతబస్తీ నుంచే మొదలుపెడదాం. 1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చింది. వేల మంది చనిపోయారు, ఇళ్లు కొట్టుకుపోయాయి. తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. రోడ్లు వెడల్పు చేయడం, ఇరుకు వాడలు తీసేసి అక్కడ గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టడం దాని పని. అలా కట్టిన ఇళ్లను పేదలకు తక్కువ కిరాయికి ఇచ్చేవాళ్లు. ఇక్కడ ఒక మాట గమనించండి. ఇంటి ఓనరు బోర్డే. కాబట్టి కిరాయి ఎంతన్నది బజారు కాదు, బోర్డే చెబుతుంది.

1960లో ఆ పని ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది. ఇక్కడ ప్రధాన పద్ధతి ఏంటంటే, ఇల్లు కట్టి వాయిదాల మీద అమ్మేయడం. కూకట్‌పల్లిలో కేపీహెచ్‌బీ కాలనీ అలా వచ్చిందే. మొదట కొన్నవాళ్లకు మేలు జరిగింది, కాదనను. కానీ అదే ఇల్లు రెండోసారి చేతులు మారినప్పుడు ధర బజారుదే కదా! ఇవాళ అక్కడ ఒక చిరుద్యోగి ఇల్లు కొనగలడా? మీరే చెప్పండి.

సరిగ్గా అదే 1960లో సింగపూర్ కూడా ఒక హౌసింగ్ బోర్డు పెట్టుకుంది. వాళ్లూ ఫ్లాట్లు అమ్మారు. కాకపోతే 99 ఏళ్ల లీజు మీద. నేల మాత్రం సర్కారు దగ్గరే ఉంచుకున్నారు. అక్కడా పాత ఫ్లాట్ల ధరలు పెరిగాయి, అది నిజం. అయినా కొత్త ఫ్లాట్లు బజారు కంటే తక్కువకు ఇవ్వగలుగుతున్నారు. వియన్నా అయితే 1920లలో కట్టడం మొదలుపెట్టి, అమ్మకుండా కిరాయికే ఇస్తోంది. ఇవాళ ఆ నగరపాలక సంస్థ చేతిలో దాదాపు 2.2 లక్షల ఫ్లాట్లున్నాయి.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. 2015లో డబుల్ బెడ్‌రూమ్ పథకం మొదలైంది. 560 చదరపు అడుగుల ఇల్లు, ఉచితంగా. మంచిదే. కానీ ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టింది ఎక్కడ? ఊరి చివర కొల్లూరులో. లాడ్‌బజార్‌కి లక్క గాజులు చేసే ఆమె పని ఇంట్లోనే, ముడి సరుకు ఇచ్చేవాడు పక్క గల్లీలోనే. ఆమెను ముప్పై కిలోమీటర్ల అవతలకు పంపితే కిరాయి మిగిలింది, పని పోయింది. ఇల్లు చౌకగా దొరికినట్టా, ఖరీదైనట్టా?

ఇప్పుడు ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో వస్తోంది. రావాలి కూడా. కానీ మెట్రో వస్తే చుట్టూ కిరాయిలు పెరుగుతాయి. సొంత ఇల్లున్నవాడికి పండగ. కిరాయికున్నవాడికి ఖాళీ చెయ్యమన్న మాట. స్టేషన్ కట్టాక ఆలోచిస్తే అప్పటికే ఆలస్యం అవుతుంది.

నేననేది ఇంతే. ఆ దారిలో సర్కారు జాగా ఎంత చిన్నదున్నా వేలం వేయొద్దు. దాని మీద ఇళ్లు కట్టి, అమ్మకుండా కిరాయికి ఇవ్వండి. వచ్చే కిరాయితో వాటికి మరమ్మతులు చెయ్యండి. రిపేరు చెయ్యని సర్కారు ఇల్లు పదేళ్లకే పాడుబడుతుంది, అది మనకు తెలియనిది కాదు. జాగా ఒకసారి అమ్మితే డబ్బు ఒకసారే వస్తుంది. ఉంచుకుంటే ఇవాళ్టి కుటుంబం తర్వాత ఇంకో కుటుంబం, దాని తర్వాత మరొకటి అందులో ఉంటాయి.

నూరేళ్ల కింద ఈ ఊరికి ఈ పద్ధతి తెలుసు. మనమే మర్చిపోయాం.

మీ బస్తీలో కిరాయి అయిదేళ్ల కింద ఎంత, ఇప్పుడెంత? కింద రాయండి. మళ్లీ కలుద్దాం. ఉంటానండి.