కొయ్యబొమ్మకు రంగు వేయుట



బడిలో పిల్లలకు చదువు చెప్పుచు 35 ఏండ్లు గడపితిని. విశ్రాంతి లభించిన పిదప సెలవులలో మనుమలను చేరదీసి బొమ్మలకు రంగులు వేయుట నాకు వ్యాపకమైనది. ఆ పనినిగూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

మా గుంటూరు సీమ ప్రత్తికిని మిరపకును పేరుపొందినది. బొమ్మలకు మాత్రము మేము కృష్ణ దాటి, విజయవాడ చెంతనున్న కొండపల్లికి పోవలసినదే. దశావతారములు, అంబారీ యేనుగు, ఎడ్లబండి, తాడిచెట్టు నెక్కు గీతగాడు లేనిదే మా యిండ్లలో సంక్రాంతి బొమ్మలకొలువు నిండదు.

అచటి పనివారు తెల్లపొణికి యను మిక్కిలి తేలికయైన మెత్తని కఱ్ఱను సన్నని సెగపై తడి లేకుండ ఆఱబెట్టి, ఉలితో చెక్కుదురు. కాలు, చేయి, తల వేర్వేఱుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన ముద్దతో అతుకుదురు. దానికి మక్కు అని పేరు. నేను రంగు వేయని బొమ్మను అడిగి తెచ్చుకొందును. నేటి యుదాహరణమునకు జానెడు గీతగానిని తీసికొందము.

మొదట గరుకు కాగితముతో మెల్లగా రుద్ది అతుకులను నునుపు చేయవలెను. పిమ్మట సున్నపు పూత. ఈ తెల్లదనము పైకి కనబడదు గదా యని పిల్లలు విసుగుకొందురు. కాని పూత లేని కఱ్ఱ రంగును త్రాగివేయును. ఎఱుపు మట్టివన్నె యగును. పునాది లేని గోడవలెనే పూత లేని బొమ్మయు నిలువదు.

పూత బాగుగా ఆఱిన తరువాత పెద్ద భాగములను ముగింపవలెను: చెట్టు మ్రాను, మేనిచాయ, గోచి. పిదప తలపాగ. దానికి కల్లములో ఎండిన మిరపపండు వన్నె తగును. ఆ యెఱుపును ఒక్కమాఱే దట్టముగా పులిమినచో మడతలలో గడ్డకట్టి చెక్కడమును కప్పివేయును. పలుచగా ఒకసారి వేసి, ఆఱనిచ్చి, మఱల వేయవలెను. అటుపిమ్మట మీసము, మోకు, తాటిమట్టల గీతలు. ఇట్టి సన్నపు పనికి కొండపల్లి వారు మేకవెండ్రుకల కుంచెలను వాడుదురు. పూర్వము చెట్టుచేమల నుండి తీసిన రంగులే వాడెడివారు. నేడు అంగడి రంగులును వాడుచున్నారు.

కన్నులు కడపట. దేవాలయములలో విగ్రహమునకు నేత్రోన్మీలనము చివరనే జరుగును గదా! నా చిన్నమనుమడు, "తాతయ్యా, ముందే కళ్లు పెడదాము, మనము వేసేది చూస్తుంటాడు" అనెను. "కన్ను తెఱచినవానికి మన మెదుట గోచి పెట్టినచో సిగ్గుపడడటరా?" అంటిని. వాడు నవ్వి కుంచె క్రింద పెట్టెను. ఆ బొమ్మ పూర్తి యగుటకు నాలుగు దినములు పట్టినది.

ఆ మఱుసటి నెలలో తిరునాళ్లకు పోయితిమి. ఒకరు బొమ్మ వెలను సగమునకు తగ్గించుమని బేరమాడుచుండగా, వాడు నా చెవిలో, "తాతయ్యా, ఆయనెప్పుడూ రంగు వేయలేదేమో!" అనెను. పాఠశాలలో నేనెన్ని గంటలు చెప్పినను ఈ పాఠము ఇంత తేటగా బోధపడియుండదు.

1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద కొండపల్లి బొమ్మల పేరునకు రక్షణ కలిగినది. సంతోషమే. కాని తెల్లపొణికి చెట్టు అడవులలో నానాటికి అరుదగుచున్నది. శ్రమకు తగిన వెల రానిచో కొడుకు తండ్రి ఉలిని పట్టడు. పేరును చట్టము కాపాడగలదు. చెట్టును నాటువారును, చేతిపనిని కొనువారును మనమే కావలెను. రాబోవు సంక్రాంతికి మీ పిల్లలచేత ఒక్క బొమ్మకైనను రంగు వేయింపుడు. వెల యేమిటో వారే మీకు చెప్పగలరు.