మంగళవారం కిస్తీ ఎవరు కడతారు?

(కొండపల్లిలో సామాజిక కార్యకర్తలు, విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేదల మధ్య పనిచేసేవాళ్లు వాళ్లకు ఇంకా బాగా ఎలా తోడుపడాలో మాట్లాడమని నన్ను పిలిచారు. కొండపల్లిలో నిలబడి ఆ మాట చెప్పాలంటే బొమ్మ దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

తెల్ల పొణికి కర్ర ఆరబెట్టాలి, చెక్కాలి. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతకాలి. సున్నం పూయాలి, రంగులు వేయాలి. ఇంటిల్లిపాదీ చెయ్యి వేస్తే తప్ప అంబారీ ఏనుగు నిలబడదు. కర్రకూ రంగులకూ డబ్బు ముందే పెట్టాలి. బొమ్మ అమ్ముడయ్యేది మాత్రం దసరా, సంక్రాంతి కొలువులప్పుడో, ఎవరో ఆర్డరిచ్చినప్పుడో. డెల్టా కౌలురైతు పరిస్థితీ ఇంతే. పెట్టుబడి ఇవాళ పెడతాడు, రాబడి ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పిచ్చినవాడు మాత్రం వారం వారం తలుపు కొడతాడు. రాబడి సీజనుది, కిస్తీ వారానిది. ఈ రెంటి మధ్య సందులోనే పేద కుటుంబం నలిగిపోతోంది.

ఇది నాకు మొదట్లో తెలియదు. ఒకసారి మహిళల శిక్షణలో పొదుపు గురించి గంటసేపు చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నారు. చివర్లో ఒక తల్లి లేచి, "బాగా చెప్పారయ్యా, మరి మంగళవారం కిస్తీ ఎవరు కడతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె సంచిలో నాలుగు అప్పు పుస్తకాలున్నాయి. ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకొకటి తీసుకుంది. ఆమెకు లెక్క రాక కాదు. నాకంటే బాగా వచ్చు. ఆమె బతుకు లెక్క నేను అడగలేదు, అంతే.

మిత్రులారా, మనం చేసే మొదటి తప్పు ఇదే. అడగకుండా చెప్పడం!

పేదల పేరు చెప్పుకుని వచ్చినవాళ్లంతా పేదల మనుషులు కారు. ఈ జిల్లాకు ఆ అనుభవం ఉంది. 2006 మార్చిలో, కొండపల్లి ఇంకా కృష్ణా జిల్లాలో ఉన్న రోజుల్లో, అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలు దాదాపు 50 మూయించారు. అధిక వడ్డీలు, బలవంతపు వసూళ్లు, ఆత్మహత్యల ఆరోపణలు అప్పుడు దేశమంతా మార్మోగాయి. పేదరికం పోగొడతామని వచ్చిన అప్పే ఇంటి మీదికి వచ్చి కూర్చుంది. గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలన్నారు. దాంతో పక్కింటి అక్కే వసూలు మనిషి అయింది. పేదలకున్న ఒకే ఒక్క ఆస్తి ఇరుగుపొరుగు. దాన్నే తాకట్టు పెట్టించారు.

నాలుగేళ్లకు మళ్లీ అదే గోడు. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. వారం కిస్తీలు కుదరవు, నెల కిస్తీలే. వడ్డీ అసలును మించకూడదు. వసూలు పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలి. 2014లో రాష్ట్రం రెండయింది, చట్టం రెండు చోట్లా మిగిలింది. అయితే రిజర్వు బ్యాంకు కింద నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు అది వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తేల్చింది. కాబట్టి ఆ కంపెనీల విషయంలో 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలు మనకు కంఠతా రావాలి.

అవేమిటి? ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు, బంధువులను వేధించకూడదు. మామూలుగా ఇద్దరూ ఒప్పుకున్న చోట వసూలు చేసుకోవాలి. నెల కిస్తీలన్నీ కలిపి కుటుంబ ఆదాయంలో సగం దాటేలా కొత్త అప్పు ఇవ్వకూడదు. అప్పు వివరాలు అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. ఫిర్యాదు ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా రాయొచ్చు.

ఈ నాలుగు ముక్కలు ఎన్ని ఇళ్లలో తెలుసు? తెలియజెప్పేవాడేడి? వసూలు మనిషి అరుగు మీద కూర్చున్నప్పుడు పక్కన నిలబడేవాడేడి? సంఘసేవ అంటే అక్కడ నిలబడటం!

రెండో సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలో చాలా కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఎందరో పిల్లలు పడవలెక్కి, నడుముల్లోతు నీళ్లలో నడిచి అన్నం పొట్లాలు పంచారు. వాళ్లకు దండం పెట్టాలి. కానీ నీళ్లు తీశాక ఏమైంది? మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తు వాళ్లకు 10 వేలు ప్రభుత్వం ప్రకటించింది. అప్పుడు లిస్టు మొదలైంది. పేరు లేదని, సర్వేకు వచ్చినప్పుడు ఇంట్లో లేరని, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలవలేదని జనం ఆఫీసుల చుట్టూ తిరిగారు. పొట్లం పంచినప్పుడు వందమంది ఉన్నాం. అర్జీ రాసేటప్పుడు ఎందరం మిగిలాం? ఫోటో పడే పని మూడు రోజుల్లో అయిపోతుంది. ఫోటో పడని పని మూడు నెలలు ఉంటుంది. పేదవాడికి మనం అవసరమయ్యేది ఆ మూడు నెలలూ.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. కౌంటరుకు అవతల కూర్చునేది మీరే. "రేపు రా" అంటే మీకు ఒక రోజు. కూలి మనిషికి ఒక పూట తిండి. ఏ కాగితం తక్కువో ఒకేసారి చీటీ మీద రాసివ్వండి. అది కూడా సంఘసేవే.

విద్యార్థులకు ఒక మాట. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్పడానికి కార్యకర్తలు వెళ్లారు. సారా మీద పోరాడమని ఆడవాళ్లకు వాళ్లు హుకుం ఇవ్వలేదు. కలిసి కూర్చుని తమ బతుకు గురించి మాట్లాడుకునే చోటు ఇచ్చారు. మిగతాది రోశమ్మ లాంటి తల్లులు చూసుకున్నారు. 1992లో లేచిన ఆ గొంతుకు 1993లో సారా నిషేధం తేక తప్పలేదు. దారి చూపాల్సింది మనమేనని అనుకోవద్దు. దారి వాళ్లకు తెలుసు. అడ్డంగా పడిన రాయిని కలిసి తొలగించడమే మన పని.

రేపు మీరు ఒక గుమ్మం ఎక్కుతారు. నోట్‌బుక్కు తెరవకముందు చాప మీద కూర్చోండి. ఎంత అప్పుంది, ఎవరికి, ఏ వారం కట్టాలి, ఏ నెలలో పని దొరుకుతుంది అని అడగండి. ఆమె చెబుతుంటే మధ్యలో నీతులు చెప్పకండి. అంతా విని, ఏ కాగితం ఎక్కడ ఆగిందో చూసి, ఆమెతో పాటు ఆ ఆఫీసు దాకా నడవండి. పని అయ్యేదాకా మళ్లీ మళ్లీ నడవండి.

నన్ను ఆ తల్లి అడిగిన ప్రశ్న మిమ్మల్నీ ఎవరో ఒకరు అడుగుతారు. అప్పటికి మీ దగ్గర జవాబు ఉండాలి. సెలవు.